నేల ఉసిరి: పసరు నుంచి పరీక్ష దాకా



కామెర్లు అనగానే మన సరిహద్దు పల్లెల్లో ముందు గుర్తొచ్చేది పసరు మందు. పొలం గట్ల మీద మొలిచే నేల ఉసిరిని పీకి, నూరి, మజ్జిగలో కలిపి పరగడుపున తాగిస్తారు. పొలిమేర దాటితే తమిళులు దీన్నే కీళానెల్లి అంటారు. పేరు వేరైనా వైద్యం ఒక్కటే. ఈ మొక్కను చెన్నైలో శాస్త్రజ్ఞులు ఎలా పరీక్షించారో, చివరికి ఏం తేలిందో ఈవేళ తెలుసుకుందాం.

మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్.పి. త్యాగరాజన్, ఆయన సహచరులు నేల ఉసిరి, గుంటగలగర సారాలను హెపటైటిస్-బి వైరస్ పైపొర పదార్థంతో కలిపి పరీక్షించి, ఆ ఫలితాలను 1982లో ప్రచురించారు. గాజు గొట్టంలో ఆ సారాలు పని చేశాయి.

ఇలాంటి పరీక్షకు ఒక పద్ధతి ఉంది. ముందు మొక్క ఏదో కచ్చితంగా గుర్తించాలి. నేల ఉసిరిని పోలిన మొక్కలు చాలా ఉన్నాయి మరి. తర్వాత ఆరబెట్టి, పొడి చేసి, నీటిలోనో ఆల్కహాలులోనో నానబెట్టి, వడగట్టి సారం తీస్తారు. దాన్ని వేర్వేరు మోతాదుల్లో పరీక్షిస్తారు. పక్కనే సారం కలపని గొట్టం కూడా ఉంచుతారు. ఆ పోలిక లేకపోతే మార్పు మందు వల్ల వచ్చిందో, దానంతటదే వచ్చిందో చెప్పలేం.

అయితే గాజు గొట్టం వేరు, మనిషి ఒళ్ళు వేరు. హెపటైటిస్-బి వైరస్‌ను కనుగొన్న కృషికి 1976లో నోబెల్ బహుమతి అందుకున్న బరూచ్ బ్లంబర్గ్ కూడా చెన్నై బృందంతో కలిశారు. రక్తంలో ఈ వైరస్ ఉన్నవారికి 200 మిల్లీగ్రాముల మొక్క పొడిని రోజుకు 3 సార్లు, 30 రోజులు ఇచ్చారు. మరికొందరికి మందు లేని క్యాప్సూళ్ళు ఇచ్చారు. మందు తీసుకున్న 37 మందిలో 22 మందికి రక్తంలో వైరస్ గుర్తు కనపడలేదు. రెండో జట్టులో 23 మందికి ఒక్కరే అలా బయటపడ్డారు. 1988లో లాన్సెట్ పత్రికలో ఈ సంగతి వచ్చాక ప్రపంచమంతా నేల ఉసిరి వైపు చూసింది.

కానీ ఒక్కచోట వచ్చిన ఫలితం ఇంకోచోట కూడా రావాలి. 1990లో థాయ్‌లాండ్‌లో, 1994లో న్యూజిలాండ్‌లో చేసిన పరీక్షల్లో ఆ గుణం కనిపించలేదు. అనేక పరీక్షలను కలిపి పరిశీలించిన 2011 నాటి సమీక్ష కూడా నమ్మదగిన ఆధారం లేదనే తేల్చింది.

మరి పసరు తాగినవాళ్ళకు కామెర్లు తగ్గుతున్నాయి కదా అని మీరు అడగవచ్చు. కలుషితమైన నీటి వల్ల వచ్చే హెపటైటిస్-ఎ, ఇ కామెర్లు చాలామందిలో కొన్ని వారాలకు వాటంతటవే తగ్గుతాయి. ఆ పేరు పసరుకు దక్కుతుంది. హెపటైటిస్-బి సంగతి వేరు. కళ్ళు పచ్చబడకుండానే అది ఏళ్ళ తరబడి ఒంట్లో దాగి, కాలేయాన్ని గట్టిపరచి, కేన్సర్ దాకా తీసుకుపోగలదు. కళ్ళు తెల్లబడ్డాయని వైరస్ పోయిందనుకోకూడదు.

అందుకే కామెర్లు వస్తే ముందు రక్తపరీక్ష చేయించండి. గర్భిణులైతే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయవద్దు, వారికి హెపటైటిస్-ఇ ప్రాణాంతకం కావచ్చు. బిడ్డ పుట్టిన 24 గంటల్లోగా హెపటైటిస్-బి టీకా వేయించండి. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ జబ్బుకు పరీక్షలు, మందులు ఉచితంగా ఇస్తున్నారు.

పెద్దలు చూపిన మొక్కను ప్రయోగశాలకు తీసుకుపోవడం వారిని గౌరవించడమే. అక్కడ తేలిన మాటను వినడం మన పిల్లలను కాపాడుకోవడం.