ఇంటి దస్త్రాన్ని ఆర్.డిస్. చేయండి
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మా తాత నిజాం లాన్సర్లలో జవాను. 1914లో మొదలైన యుద్ధానికి మిసర్ దేశం పోయి వచ్చాడని అవ్వ చెప్పేది. ఆ దళం నిజంగానే సూయజ్ కాలువ కాపలాకు, పిదప పాలస్తీనాకు వెళ్ళింది. ఢిల్లీ తీన్‌మూర్తి విగ్రహాల్లో ఒకటి హైదరాబాదు లాన్సర్ల గుర్తే.

రిటైరయ్యాక తాత జాడ వెదికాను. జనాభా లెక్కల పుస్తకాల్లో ఊరి అంకెలే గాని మనుషుల పేర్లుండవు. కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ జాబితా చనిపోయినవారిది. తాత బతికి వచ్చాడాయె! చివరకు భూమే ఆధారమిచ్చింది. 1954-55 ఖాస్రా పహాణీలో పట్టాదారు అవ్వ, పక్కన భర్త పేరు. 1342 ఫసలీ, అంటే 590 కలిపితే 1932 నాటి ఉర్దూ పహాణీని ఒక మిత్రుడు చదివిపెడితే తాత తండ్రి పేరూ దొరికింది. ఆ పేర్లు, ఊరు పట్టుకుని తార్నాక స్టేట్ ఆర్కైవ్స్‌కు తిరుగుతున్నాను. సర్వీసు కాగితం ఇంకా దొరకలేదు.

గుమాస్తాగా ముప్ఫయ్యేళ్ళు ఊరందరి దస్త్రాలు భద్రం చేశాను. అవ్వ సందూకలోని కాగితాలు మాత్రం ఒక్కనాడూ విప్పి చూడలేదు. ఆమె పోయాక అవి చెదలపాలయ్యాయి. ఆ తప్పు నాదే.

కనుక మనుమలను కూర్చోబెట్టుకుని పెద్దల పేర్లు, వారి తండ్రుల పేర్లు, ఊరు, కొలువు, సర్వే నంబరు ఇవాళే రాయించండి. ఎల్.డిస్. కాగితంలా ఏడాదికే పారేయకండి. ఆర్.డిస్. చేసి శాశ్వతంగా దాచండి.

సెలవు.