సద్దులూ బొంతలూ

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కుతుబ్‌షాహీల కాలం నాటిది. వానలు వెనకబట్టి, గట్ల మీద తంగేడు, గునుగు పూసే వేళకు ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్ల చేతులకు తీరిక ఉండదు.

భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మ. అక్కడి నుంచి రోజుకో నైవేద్యం: అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు. ఆరోనాడు బతుకమ్మ అలుగుతుంది, ఆ రోజు నైవేద్యం లేదు. చివరినాడు సద్దులు: పెరుగన్నం, చింతపండు పులిహోర, నువ్వుల సద్ది. నాకు మాత్రం సత్తుపిండి, మలీద ముందు. మక్కలు దోరగా వేయించి, విసిరి, చక్కెర, నెయ్యి కలిపితే సత్తు. రొట్టెలను వేడివేడిగా నలిపి బెల్లం కలిపి ముద్దలు కడితే మలీద. చెరువుగట్టున అందరికీ పంచాకే ఇంటికి రావాలి.

పండుగ దాటితే చలి మొదలు, బొంతలు బయటికొస్తాయి. కట్టి కట్టి మెత్తబడ్డ నూలు చీరలను పొరలు పొరలుగా పరిచి, అంచు నుంచి నడిమికి వరుస కుట్లు వేస్తారు. పొరల మధ్య చిక్కిన గాలే వెచ్చదనాన్ని నిలుపుతుంది. కుట్టు దగ్గరగా పడాలి, లేకుంటే ఉతికినప్పుడు పొరలు ముద్దకడతాయి. పాలియెస్టర్ చీరలతో కుట్టిన బొంత చెమట పీల్చదు, ఒంటికి హాయినివ్వదు. అది చీర దండగ.

మీ ఇంట్లో బొంత కుట్టగల అవ్వ ఉంటే, ఈ చలికాలమే పక్కన కూర్చుని నేర్చుకోండి.