మోకాలి దెబ్బ – రిజిస్టరులో రాత
(పావగడలో మిల్లు కార్మికుల సమావేశంలో కార్యదర్శి ప్రసంగ పాఠం)



మన శనక్కాయ మిల్లుల్లో పనిచేసేవాడికి మోకాళ్లే పెట్టుబడి. మూట వీపునేసుకొని పలక మీదుగా లారీ ఎక్కేటప్పుడు పాదం ఒకచోట ఇరుక్కొని, ఒళ్లు ఇంకోవైపు తిరిగితే చాలు, లోపల 'టప్'మంటుంది. గంటల్లో మోకాలు ఉబ్బుతుంది. ముప్పై ఏళ్ల వయసులో నాకూ అలాగే అయింది. నాటుకట్టు కట్టించుకొని, కూలి పోతుందని ఇరవై రోజులకే మళ్లీ మూట ఎత్తాను. ఈనాటికీ మెట్లు దిగుతుంటే ఆ మోకాలు పట్టు తప్పుతుంది. నేను చేసిన తప్పు మీరు చేయకూడదనే ఈ నాలుగు మాటలు.

మోకాలి ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్లు ముఖ్యంగా నాలుగు. ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది గానీ లిగమెంటు కనిపించదు. 'ఎముక విరగలేదు' అనగానే నిశ్చింతగా ఇంటికి రాకండి. ఎముకల డాక్టరు చేత్తో పట్టి చూడాలి, అవసరమైతే ఎంఆర్‌ఐ తీయించాలి. రెండు మూడు లిగమెంట్లు ఒకేసారి తెగి కీలు తప్పితే, మోకాలి వెనకుండే పెద్ద రక్తనాళం దెబ్బతినవచ్చు. పాదం చల్లబడినా, పాలిపోయినా క్షణం ఆగకూడదు. కొన్ని గంటలు రక్తం అందకపోతే కాలే తీసేయాల్సి వస్తుంది.

లోపలి పక్క లిగమెంటు చాలామందికి పట్టీతోనే మానుతుంది. నడుమనుండే ఏసీఎల్ పూర్తిగా తెగితే దానంతటది అతుక్కోవడం అరుదు. మోకాలు పట్టు తప్పుతుంటే, బరువు పని చేసేవాడికి సాధారణంగా ఆపరేషన్ చెబుతారు. తొడ వెనక నుంచి తాడులాంటి స్నాయువు తీసి, చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చూస్తూ, ఎముకలో తొలిచిన దారిలో బిగిస్తారు. బెంగళూరు జయనగర్‌లో ప్రభుత్వ సంజయ్ గాంధీ ఎముకల ఆసుపత్రి, రాజాజీనగర్‌లో ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉన్నాయి.

కానీ ఆపరేషన్ సగం వైద్యమే. మొదటి వారాల్లో కాలు పూర్తిగా చాపగలగాలి, తొడ కండరం బిగించే కసరత్తు రోజూ చేయాలి. రెండు మూడు నెలలకు నొప్పి పోతుంది, బాగైపోయిందనిపిస్తుంది. మోసమంతా అక్కడే. కొత్త లిగమెంటు అప్పటికింకా బలహీనంగానే ఉంటుంది. బరువు మూటలకు తొమ్మిది నెలల నుంచి ఏడాది పడుతుంది.

అన్నాళ్లు ఇల్లు గడిచేదెట్లా? ఈఎస్‌ఐ ఉన్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. దెబ్బ పనిలో తగిలిందని రుజువైతే, పని చేయలేడని డాక్టరు సర్టిఫికెట్ ఇచ్చినన్నాళ్లూ కూలిలో 90 శాతం వస్తుంది. మామూలు జబ్బు కింద రాస్తే 70 శాతమే, అదీ ఏడాదికి 91 రోజులే. అంటే సరిగ్గా మోకాలు మోసం చేసే సమయానికి డబ్బు ఆగిపోతుంది. అందుకే దెబ్బ తగిలిన రోజే ప్రమాద రిజిస్టరులో రాయించండి, సాక్షుల పేర్లు చేర్పించండి. ఈఎస్‌ఐ లేని మిల్లులో దెబ్బ తగిలితే నష్టపరిహారం యజమాని బాధ్యత.

పక్కవాడు పడిపోతే లేపి మంచినీళ్లిస్తాం. ఇకమీదట రిజిస్టరు కూడా అడుగుదాం. తిరిగి వచ్చినవాడికి కొన్నాళ్లు తేలిక పని ఇమ్మని అందరం కలిసి అడుగుదాం. ఒక్కడడిగితే దయ అంటారు, అందరం అడిగితే హక్కవుతుంది.