సర్వీసు రిజిస్టరుకు ఎక్కని సర్వీసు

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోను చేస్తే డి.ఏ. బకాయిల మీద మాట్లాడమంటారేమో అనుకున్నాను. ఆ విషయం మాట్లాడేవారు మనలో కావలసినంతమంది ఉన్నారు, వినేవారే కరువు. కాని ఆయన, "మీరు ఫుట్‌బాల్ ఆడేవారట కదా, దాని గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. సంతోషించాను. నా సర్వీసు రిజిస్టరులో ఇంక్రిమెంట్లున్నాయి, సెలవులున్నాయి, రెండు బదిలీలున్నాయి. 1973 నుండి 1991 వరకు పద్దెనిమిదేళ్ళు సాయంత్రం పూట చేసిన ఈ సర్వీసు గురించి మాత్రం ఒక్క పంక్తి లేదు.

ముందుగా ఏ ఫుట్‌బాల్ అన్నది తేల్చుకోవాలి. మా మనవడు అమెరికాలో హైస్కూలు చదువుతున్నాడు. నేను ఆడేవాడినని తెలిసి, "తాతా, నువ్వు క్వార్టర్‌బ్యాకా?" అని అడిగాడు. "కాదు నాన్నా, లెఫ్ట్ బ్యాక్‌ను" అన్నాను. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి అర్థం కాలేదు. వాళ్ళ ఆటలో బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, దాన్ని చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు. జట్టుకు పదకొండుమందే, కాని తలకు హెల్మెట్, భుజాలకు మెత్తలు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి, లేకపోతే బంతి అవతలివాళ్ళకు. ఆ ఆటకు మన దేశంలో కూడా 2012లో ఒక లీగు పెట్టారు, హైదరాబాదు పేరుతో కూడా ఒక జట్టు ఉండేది. నేను చెప్పేది మాత్రం కాలితో ఆడే మన పాత ఫుట్‌బాల్ గురించే.

ఈ ఆటకు మన నగరం ఒకప్పుడు దేశంలోనే పెద్ద పీట. పిల్లలు కూడా ఉన్నారు గనుక చెబుతున్నాను. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. హైదరాబాదు జట్టు 1956-57, 1957-58లో సంతోష్ ట్రోఫీ తెచ్చింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో మళ్ళీ తెచ్చాం. వీటిలో మొదటి విజయాల వెనుక ఉన్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్. వృత్తిరీత్యా ఆయన బడిపంతులు. ఆయన శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి వచ్చింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. మరుసటి ఏడాది జూన్‌లో క్యాన్సరుతో పోయారు. ఆయన మీద 2024లో హిందీ సినిమా వచ్చేదాకా మన పిల్లలకు ఆయన పేరే తెలియదు.

మన అమ్ముగూడ కుర్రవాడు తులసీదాస్ బలరాం ఆ రెండు జట్లలోనూ ఆడాడు, 2023 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. మహమ్మద్ హబీబ్ 1977లో కలకత్తాలో పీలే ఆడిన కాస్మాస్ జట్టు మీద మోహన్ బగాన్ తరపున గోల్ కొట్టాడు. ఆయనా 2023 ఆగస్టు 15న వెళ్ళిపోయాడు.

నేను వీళ్ళ కాలిధూళికి కూడా సరిపోను. ఎల్.డి.సి.గా చేరిన ఏడాది మా ఆఫీసులో ఒక జట్టు కట్టారు. పదకొండుమందికి ఒకడు తక్కువైతే, ఉప్పల్ నుండి రోజూ సైకిలు మీద వస్తాడు గనుక కాళ్ళలో బలం ఉంటుందని నన్ను తీసుకున్నారు. అదే నా అర్హత.

అప్పటి ఉప్పల్ ఇప్పటివారు ఊహించలేరు. వరంగల్ రోడ్డుకు అటూ ఇటూ పొలాలు, మూసీ వైపు గడ్డి మళ్ళు, నాచారం వైపు ఫ్యాక్టరీల సైరన్లు. మధ్యలో మొరం నేల ఒకటి ఖాళీగా ఉండేది. ఆదివారం పొద్దున్నే మేమూ, నాచారం ఫ్యాక్టరీల కార్మికుల జట్లూ అక్కడ ఆడేవాళ్ళం. గోలు స్తంభాలకు సరుగుడు వాసాలు, గీతలకు సున్నం. లోపల బ్లాడరు పెట్టి లేసులు బిగించిన తోలుబంతి వానలో తడిస్తే ఇటుకరాయంత బరువయ్యేది. దానికి తల ఇచ్చినవాడికి నుదుటి మీద లేసు ముద్ర పడేది. బూట్లు జుమ్మేరాత్ బజారులో పాతవి కొనేవాళ్ళం. సగం ఆటకు నిమ్మకాయ ముక్కలు, ఆట అయ్యాక ఇరానీ హోటల్లో రెండు చాయలు నలుగురికి.

మా కెప్టెన్ మా ఆఫీసు అటెండరు. ఆయనే గోల్‌కీపరు కూడా. మేమంతా ఆయన్ను భాయ్ సాబ్ అనేవాళ్ళం. సోమవారం నుండి శనివారం దాకా ఆయన మాకు ఫైళ్ళు మోసేవాడు. ఆదివారం మా సెక్షన్ సూపరింటెండెంటుగారు రైట్ వింగ్‌లో ఆడుతూ, "బంతి వదలండి సాబ్, ఎంతసేపు పట్టుకుంటారు!" అని ఆయనచేత కేకలు తినేవారు. రహీం సాబ్ పద్ధతి అదేనట. బంతిని దగ్గర ఉంచుకోకు, ఖాళీగా ఉన్నవాడికి అందించు. ఆయన డ్రిబ్లింగ్ చేయకూడదని నియమం పెట్టి పోటీలు జరిపించారు, వాటం లేని కాలితోనే ఆడాలని కూడా పోటీలు పెట్టారు. మా భాయ్ సాబ్ కుర్రతనంలో అవి చూసినవాడు. నా కుడికాలికి గుడ్డ కట్టి నెలరోజులు ఎడమకాలితోనే తన్నించాడు. ఇప్పుడు మోకాళ్ళ డాక్టరు, "ఎడమది కుడిదానికంటే ఎక్కువ అరిగిందేమిటి?" అని అడిగినప్పుడు ఆ నెల గుర్తుకొస్తుంది.

మేము పెద్దగా గెలిచింది లేదు. శాఖల మధ్య పోటీల్లో ఒకసారి సెమీఫైనల్ దాకా పోయాం. అయినా ఆ జట్టు వల్ల ఏమి ఒరిగిందో ఒక్క ఉదాహరణ చెబుతాను.

భాయ్ సాబ్ ఇంకా రెండేళ్ళ సర్వీసు ఉండగానే గుండెపోటుతో పోయాడు. భార్య, ముగ్గురు ఆడపిల్లలు. భార్యకు చదువు రాదు. ఫ్యామిలీ పెన్షను కాగితాలు ఎన్ని బల్లలు దాటాలో మీకు నేను చెప్పనక్కరలేదు. నామినేషను, వారసుల ధ్రువపత్రం, జి.పి.ఎఫ్., గ్రూపు ఇన్సూరెన్సు, సర్వీసు వెరిఫికేషను. అప్పటికి మా పాత జట్టువాళ్ళం వేర్వేరు సెక్షన్లలో ఉన్నాం. ఒకడు ఎస్టాబ్లిష్‌మెంటులో, ఒకడు అకౌంట్సులో, ఒకడు ట్రెజరీలో. ఎవరూ నిబంధన తప్పలేదు, ఒక్క సంతకం ఎగరగొట్టలేదు. కాని ఫైలు ఎవరి బల్ల మీదా ఒక్క రాత్రి నిద్రపోలేదు. వచ్చిన రోజే చూశాం, పక్కవాడికి అందించాం. నెల తిరగకముందే ఆమె చేతికి మొదటి పెన్షను అందింది. పెద్దమ్మాయికి కారుణ్య నియామకం కింద ఉద్యోగం వచ్చింది. ఆ అమ్మాయి ఇప్పుడు రిటైరై, ఈ సభలోనే ఎక్కడో కూర్చుని ఉంది. పేరు చెబితే నా మీద కోప్పడుతుంది.

ఇక ఈనాటి సంగతి. 2005 నవంబరులో ఉప్పల్ స్టేడియంలో మొదటి అంతర్జాతీయ వన్డే జరిగింది. గొప్ప విషయమే, నేనూ టికెట్టు కొని చూశాను. ఫుట్‌బాల్‌కు 2019లో హైదరాబాద్ ఎఫ్‌.సి. వచ్చింది, 2021-22లో ఐ.ఎస్‌.ఎల్. గెలిచింది, 2025లో ఢిల్లీకి తరలిపోయింది. పెద్ద జట్లు వస్తాయి, పోతాయి. నాకు వాటి బెంగ లేదు. గల్లీలోని పిల్లవాడు ఎక్కడ ఆడాలన్నదే నా బెంగ. నిజామాబాదు నుండి గుగులోత్ సౌమ్య అనే అమ్మాయి భారత జట్టుకు ఆడింది. మా చిన్న మనవరాలు ఆమె ఫోటో గోడకు అంటించుకుంది. బంతి కొనిచ్చాను. నాచారంలో ఆడుకోవడానికి చోటు చూపించలేకపోతున్నాను. అపార్టుమెంటు సెల్లారులో ఆడితే కార్ల అద్దాలని వాచ్‌మన్ తరుముతాడు.

మేము ఆడిన ఆ మొరం నేలలో చాలా భాగం ఇళ్ళ స్థలాలైపోయింది. ఒక ముక్క మాత్రం లేఅవుటులో ఖాళీస్థలంగా మిగిలింది. ఇప్పుడు దానిలో షట్టర్లు వేసి అద్దెకివ్వాలని కొందరు, ఫంక్షన్ హాలు కట్టాలని కొందరు అంటున్నారు. అమెరికాలో మా మనవడి ఊళ్ళో శుక్రవారం సాయంత్రం హైస్కూలు ఆట ఉంటే ఊరంతా బడి మైదానానికి వస్తుందట. మనకు అంతటి స్టేడియం వద్దు. ఉన్న ఆ ముక్క ఉంటే చాలు.

అయ్యా, మనం పరుగెత్తలేం, నిజమే. కాని మనం ఫైలు మనుషులం. మంజూరైన లేఅవుటులో ఖాళీస్థలంగా చూపినదాన్ని ఇష్టం వచ్చినట్లు వాడుకోకూడదని మనకు తెలుసు. ఉప్పల్ కలాన్ మునిసిపాలిటీ 2007లో జి.హెచ్‌.ఎం.సి.లో కలిసింది. అప్పుడు పాత కాగితాలు ఆఫీసులు మారాయి. ఏ కాగితం ఏ బీరువాలో ఉంటుందో వెతికి పట్టగలవారు ఈ హాల్లో కనీసం పదిమంది ఉన్నారు. 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలతో దరఖాస్తు పెడితే ముప్పై రోజుల్లో జవాబు రావాలి. లేఅవుటు నకలు చేతికొస్తే కార్పొరేషను కమిషనరుగారికీ, 2024లో ఏర్పడిన హైడ్రాకూ మహజరు ఇద్దాం.

దరఖాస్తు ముసాయిదా తయారుచేసి తెచ్చాను. కార్యదర్శిగారి బల్ల మీద ఉంది. చదివి, తప్పులుంటే మన అలవాటు ప్రకారం ఎర్రసిరాతో దిద్ది, భోజనాలకు లేచే ముందు సంతకాలు చేయవలసిందిగా కోరుతున్నాను. ఎవరి బల్ల మీదా రాత్రి నిద్రపోకుండా చూసుకునే పూచీ నాది.