గిటారు మెడ సవరించు పరికరములు



మన వీణమెట్లు మైనముపై నిలుచును గనుక, తేడా వచ్చినచో మైనము కరగించి 24 మెట్లను మరల నిలుపుదురు. ఉక్కుతీగెల గిటారుకు మెట్లు కఱ్ఱలో దిగగొట్టినవి. కావున మెడనే సవరింపవలెను. ఆఱు తీగెలు సుమారు 70 కిలోల బలముతో దానిని వంచుచుండును. వంపు మితిమీఱినచో తీగెలు మెట్లకు దూరమై వ్రేళ్లు నొచ్చును, శ్రుతియు తప్పును.

దీనికై అమెరికాలోని గిబ్సన్ సంస్థకు చెందిన తాడియస్ మెక్‌హ్యూ, మెడలో లోహపుకడ్డీ నిమిడ్చి మరతో బిగించు ఉపాయమునకు 1923లో పేటెంటు బడసెను.

వలయు పరికరములు రెండే: మరకు సరిపడు కీ, సందు కొలుచు పలుచని రేకు. తీగెను మొదటి మెట్టుకడను, మెడ పెట్టెతో కలియు చోటను అదిమినచో, నడుమ మెట్టుపైన పావు మిల్లీమీటరు సందుండిన చాలును. హెచ్చైనచో కుడికి పావుచుట్టు మాత్రమే త్రిప్పి, మరల శ్రుతిచేసి చూడవలెను. కొలత కుదురని కీతో బలిమిని త్రిప్పినచో మర యరిగిపోవును. పిమ్మట బాగుచేయుట కష్టము.