విదేశీ చదువు: సంతకానికి ముందు మూడు ప్రశ్నలు



పాఠశాల మనస్తత్వశాస్త్రం చదవడానికి మన అమ్మాయి అమెరికా వెళతానంటే సంతోషించండి. కానీ ర్యాంకు ఒక్కటే చూసి పంపకండి. ముందుగా విశ్వవిద్యాలయానికి మూడు ప్రశ్నలు రాయించండి.

ఆ కోర్సుకు అక్కడి పాఠశాల మనస్తత్వవేత్తల జాతీయ సంఘం ఆమోదం ఉందా?

ఆ సంఘం నియమం ప్రకారం 1,200 గంటల ఇంటర్న్‌షిప్ చేయాలి. అందులో కనీసం 600 గంటలు బడిలోనే. విద్యార్థి వీసాపై దానికి అనుమతి ఎలా ఇస్తారు? చదువులో భాగమైన పూర్తికాల శిక్షణ 12 నెలలు నిండితే, ఆ పట్టాపై తరువాత ఓపీటీ దక్కదు.

లైసెన్సు ఒక్కో రాష్ట్రానిది ఒక్కో తీరు. ఈ పట్టా ఎక్కడ చెల్లుతుంది?

మైనారిటీ విద్యార్థుల విదేశీ విద్యారుణాలకు చదువుకాలపు వడ్డీ భరించిన పఢో పర్‌దేశ్ పథకాన్ని కేంద్రం 2022–23 నుంచి నిలిపివేసింది. ఇప్పుడు ఆ భారం మన మిరప చేలపైనే. పథకాన్ని పునరుద్ధరించాలని కలిసి అడుగుదాం. అందాకా, రాతపూర్వకంగా జవాబులు అందనిదే అప్పుపత్రంపై సంతకం చేయకండి.