తాడూ తాళమూ కాకుండా: మతి తప్పిన ముసలివాళ్ళు, వాళ్ళని చూసే ఆడవాళ్ళు

(కొయ్యూరులో మహిళా సంఘాల కార్యకర్తలు, స్వచ్ఛంద సంస్థల ఉద్యోగినుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పిలిచినప్పుడు "వృద్ధుల హక్కులు" అని విషయం చెప్పారు. అది చాలా పెద్ద మాట. అందులోంచి ఒక్క ముక్కే తీసుకుంటాను. డిమెన్షియా వచ్చిన ముసలివాళ్ళు ఎక్కడ ఉండాలి, వాళ్ళని ఎవరు చూడాలి? పట్నంలో దీనికి జవాబు తేలిగ్గా చెప్పేస్తారు, హోమ్‌లో పెట్టమని. కొండ విషయానికొచ్చేసరికి ఇంకా తేలిగ్గా చెప్పేస్తారు, ఆదివాసులు పెద్దవాళ్ళని ఇంట్లోనే పెట్టుకుని చూసుకుంటారు, వాళ్ళకి హోమ్‌లెందుకని. ఈ రెండు జవాబుల్లోనూ చాకిరీ చేసే ఆడది కనపడదు.

ముందు నా సంగతి చెప్పుకోవాలి. సోషియాలజీలో డాక్టరేటు చేసి, స్త్రీల ఇంటిచాకిరీ గురించి ఏళ్ళ తరబడి సభల్లో మాట్లాడి, తీరా మా అమ్మకి మతి తప్పినప్పుడు నేను చేసిందేమిటంటే ఆమెని హైదరాబాదులో ఒక హోమ్‌లో చేర్చడం. అన్నయ్య డబ్బు పంపాడు, కాయితాల మీద నేను సంతకం పెట్టాను. మూడో నెలలో ఒక మధ్యాహ్నం చెప్పకుండా వెళితే, అమ్మని కుర్చీకి చీర పీలికతో కట్టేసి ఉంచారు. కట్టిన అమ్మాయి నన్ను చూసి దాచబోలేదు. "లేచి పడిపోద్ది మేడమ్‌గారూ, పద్దెనిమిది మందికి మేం ఇద్దరమే" అంది. కోపం వచ్చింది గానీ ఆ లెక్క విన్నాక ఆ పిల్ల మీద కోపం నిలవలేదు. ఏ ఊరమ్మా అని అడిగితే కొయ్యూరు అవతల అంది. వాళ్ళ మామ్మకి కూడా ఇదే జబ్బట. "ఇంటికాడ మాయమ్మ పోడుకెల్తే మామ్మని గుంజకి కట్టేసి ఎల్తాది. నానుంటే కట్టక్కర్లేదు" అంది.

అంటే మా అమ్మకి తోడు కోసం నేను కట్టిన డబ్బే ఆ పిల్లని అక్కడికి రప్పించింది. ఆమె మామ్మకి తోడు లేకుండా చేసిందీ అదే. అమెరికన్ సోషియాలజిస్టు ఆర్లీ హోష్‌చైల్డ్ 2000లో దీనికి సేవల గొలుసు అని పేరు పెట్టింది. ఫిలిప్పీన్స్ తల్లి అమెరికాలో పిల్లల్ని పెంచడానికి వెడితే, ఆమె పిల్లల్ని అంతకంటే పేద స్త్రీ పెంచుతుంది, ఆ స్త్రీ పిల్లల్ని వాళ్ళ పెద్దమ్మాయి చూస్తుంది. మన గొలుసుకి విమానం అక్కర్లేదు, నర్సీపట్నం బస్సు చాలు.

ఆ మాట పట్టుకునే నేను ఈ మండలానికి వచ్చాను. ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళలేదు, వెళ్ళే ముఖం లేదు. వేరే ఊళ్ళు తిరిగాను.

ఇది వయసుతో అందరికీ వచ్చే మతిమరుపు కాదు, మెదడుకి వచ్చే జబ్బు. దేశంలో అరవై దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ స్థాయి పరిశోధన అంచనా కట్టింది. ఆ లెక్కలో మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో, పట్నాలకంటే పల్లెల్లో ఎక్కువ. ఆడవాళ్ళు ఎక్కువకాలం బతుకుతారు కనక అని ఒక కారణం చెబుతారు. అదొక్కటే కాదు. లాన్సెట్ కమిషన్ 2024 నివేదిక ఈ జబ్బు అవకాశాన్ని పెంచేవాటిలో మనం మార్చగలిగినవి 14 ఉన్నాయంది. చిన్నతనంలో చదువు లేకపోవడం, చెవుడు, చూపు పోవడం, రక్తపోటు, ఒంటరితనం ఆ జాబితాలోవే. ఆడపిల్లని బడికి పంపకపోవడం డెబ్బై ఏళ్ళ వయసులో ఆమె జ్ఞాపకశక్తి మీద కూడా దెబ్బకొడుతుందన్న మాట. కార్యకర్తలు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. థైరాయిడ్ లోపం, బి12 లోపం, దిగులు జబ్బు కూడా ఇలాంటి లక్షణాలే చూపిస్తాయి. వాటికి వైద్యం ఉంది. "ముసలితనం కదా" అని వదిలేస్తే నయమయ్యే మనిషి కూడా గుంజ దగ్గరే ఉండిపోతుంది.

నేను చూసిన ఒక ఇంటి గురించి చెబుతాను. ఊరి పేరు చెప్పను. ముసలామెకి కోడలి పేరు తెలీదు. కోడల్ని తన తల్లి అనుకుంటుంది. రాత్రిపూట లేచి, ఎప్పుడో వదిలేసిన పాత ఊరికి వెడతానని తలుపు తీస్తుంది. ఒకసారి రెండ్రోజులు దొరకలేదు, గెడ్డ ఒడ్డున కనపడింది. అప్పట్నుంచీ పగలు తాళం, రాత్రి తాడు. తాడు రెండో కొస కోడలి చేతికి. ఎంతకాలంగా నిద్ర లేదమ్మా అంటే ఆమె నవ్వి, "నిద్దరేటమ్మా, కునుకే" అంది. జీడిపిక్కల కాలం వచ్చేసరికి ఆశ్రమ పాఠశాలలో తొమ్మిది చదివే కూతుర్ని ఇంటికి తెచ్చేశారు. "గుంట ఉంటే మేవు తోటకెల్లగలం" అన్నాడు తండ్రి. ఆయన చెడ్డవాడు కాదు. కానీ తల్లికి తానే కాపలా ఉండాలన్న ఆలోచన ఆయనకి ఒక్కసారీ రాలేదు. నేను అడిగితే నవ్వుకున్నాడు.

డిమెన్షియా ఉన్నవాళ్ళ కోసం ఇళ్ళలో జీతం లేకుండా ఖర్చయ్యే గంటల్లో 70 శాతం స్త్రీలవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ అంకెలో బడి మానేసిన ఈ పిల్ల గంటలు ఉన్నాయో లేవో మరి.

అదే ఇంట్లో ఇంకొకటి చూశాను. ఎవరి పేరూ గుర్తులేని ఆ ముసలామె ముందు అడ్డాకులూ పుల్లలూ పెడితే గబగబా విస్తరి కుట్టేసింది. చేతులు మర్చిపోలేదు. డిమెన్షియాలో కొత్త సంగతులు ముందు పోతాయి, ఏళ్ళ తరబడి చేతులు నేర్చిన పని చాలాకాలం నిలుస్తుంది. భాష కూడా అంతే. తర్వాత నేర్చుకున్నది ముందు జారిపోవడం, తల్లి దగ్గర నేర్చింది నిలవడం చాలామందిలో చూస్తాం. కువి ఇంట్లో పుట్టి సంతలో తెలుగు నేర్చినామెకి చివరికి మిగిలేది కువి. ఆమెని విశాఖపట్నం హోమ్‌లో పెడితే నీళ్ళు కావాలని అడిగినా అర్థమయ్యేవాళ్ళుండరు. అరుస్తుంది, అరిస్తే మాత్ర ఇస్తారు.

రెండు మూడు భాషల్లో బతికే మన జనం గురించి మంచి మాట ఒకటి ఉంది. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల్ని పరిశీలించి 2013లో ప్రచురించింది. ఒకే భాష వచ్చినవాళ్ళకంటే, ఒకటికి మించి భాషలు వచ్చినవాళ్ళలో జబ్బు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. చదువురాని వాళ్ళలో కూడా ఆ తేడా కనిపించింది. కానీ జబ్బు వచ్చాక గుర్తించే పరీక్ష ఏ భాషలో ఉంది? ఈ రోజు తేదీ ఎంత, వందలోంచి ఏడు తీసెయ్యి అని అడిగితే బడి మొహం చూడని మనిషి జబ్బు లేకుండానే తప్పుతుంది. ఆస్ట్రేలియాలో కింబర్లీ ప్రాంతపు మూలవాసుల కోసం వాళ్ళ బతుకులోంచి ప్రశ్నలు తీసి వేరే పరీక్ష తయారుచేసుకున్నారు. మన కొండలకి కూడా అలాంటిది కావాలి.

చిల్లంగి సంగతి కూడా ఎత్తక తప్పదు. రాత్రిళ్ళు తిరుగుతూ, తనలో తాను మాట్లాడుకుంటూ, పక్కింటి గుమ్మంలో కూచునే ముసలామె మీద ఏ అనుమానం వస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అది ముసలాయన మీదకంటే ముసలామె మీదకే, అందులోనూ వితంతువు మీదకే ముందు వస్తుంది. ఆఫ్రికాలో నమీబియాలో డిమెన్షియా ఉన్న స్త్రీని మంత్రగత్తె అని ఏళ్ళ తరబడి గొలుసుతో కట్టి ఉంచిన ఉదంతం బయటపడింది. ఇది మెదడు జబ్బు అని ఊళ్ళో నలుగురికీ తెలియడం ఇక్కడ ప్రాణరక్షణ విషయం.

సరే, హోమ్ కావాలా వద్దా? మన ఉద్యమంలోనే కొందరు అది పాశ్చాత్య పద్ధతి అంటారు. కుటుంబ విలువలు అనే మాట వినగానే ఆ విలువల ఖర్చు ఎవరు భరిస్తున్నారని అడగడం నేర్చుకున్నవాళ్ళం, ఇక్కడ మాత్రం ఎందుకు ఊరుకోవాలి? కాబట్టి నా జవాబు కావాలనే. కానీ మా అమ్మ ఉన్నలాంటిది కాదు.

దేశంలో మంచి నమూనాలు లేకపోలేదు. 1992లో కేరళలో మొదలైన అల్జీమర్స్ సొసైటీ, బెంగుళూరు నైటింగేల్స్ ట్రస్టు పగటి కేంద్రాలతో పాటు నివాస కేంద్రాలు నడిపాయి. నెదర్లాండ్స్‌లో 2009లో హోఖవేక్ అని ఒక ఊరే కట్టారు. ఇరవైకి పైగా ఇళ్ళు, ఒక్కో ఇంట్లో ఆరేడుగురు, ఇంట్లోనే వంట, బయట వీధి, కొట్టు. గదికి తాళం ఉండదు, ఊరికి మాత్రం ఒకే గేటు. అంత డబ్బు మనకి లేదు. కానీ అందులో అసలు సంగతి డబ్బు కాదు. తక్కువమంది, తెలిసిన పొయ్యి, నడవడానికి చోటు.

ఇక మన చట్టాలు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. 19వ సెక్షన్ జిల్లాకి కనీసం ఒక వృద్ధాశ్రమం, అందులో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకి చోటు అంటుంది. అదీ ప్రభుత్వం "నెలకొల్పవచ్చు" అని, నెలకొల్పాలి అని కాదు. మతి తప్పిన మనిషికి నూటయాభై మంది ఉన్న హాలు సంత కంటే భయం. కేంద్ర పథకంలో డిమెన్షియా హోమ్‌కి గ్రాంటు ఉంది గానీ కనీసం ఇరవై మంది ఉండాలి. కొండమీద ఇరవై మందిని ఒకచోట చేర్చాలంటే ఎన్ని ఊళ్ళ నుంచి ఎన్ని డోలీలు కావాలో ఆ నిబంధన రాసినవాళ్ళకి తట్టలేదు. 2019లో ఆ 2007 చట్టానికి తెచ్చిన సవరణ బిల్లు, పోషించవలసిన పిల్లల జాబితాలో కోడల్నీ అల్లుణ్ణీ చేర్చాలని చూసింది. చట్టం కాలేదు. కోడలికి చాకిరీతో పాటు నేరం కూడా అంటగట్టే ఆ ఆలోచన మళ్ళీ వస్తుంది, కాసుకుని ఉండాలి.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో చేశారు, 2018 నుంచి అమల్లో ఉంది. జ్ఞాపకశక్తికి, దిక్కు తెలియడానికి సంబంధించిన తీవ్రమైన లోపం ఆ చట్టపు నిర్వచనంలోకి వస్తుంది. గొలుసుతో కట్టడం, ఒంటరిగా బంధించడం నిషేధం. మనిషిని కదలకుండా కట్టాలంటే తక్షణ ప్రమాదం తప్పించడానికి వేరే దారి లేనప్పుడే, మానసిక వైద్యుల అనుమతితో, కారణం రాసిపెట్టి మాత్రమే. పద్దెనిమిది మందికి ఇద్దరు అనేది ఆ చట్టం ఒప్పుకునే కారణం కాదు. మాది ఆస్పత్రి కాదు, ఆశ్రమం అని తప్పించుకునే నిర్వాహకులు నాకు తగిలారు. అలాంటి చోట ఈ చట్టం పేరెత్తండి. అయితే సొంతవాళ్ళతో ఉండే ఇల్లు ఈ చట్టం కింద నమోదు, తనిఖీల్లోకి రాదు. ఇంట్లో తాడుకి జవాబు చట్టం కాదు, తోడు.

కొయ్యూరు లాంటి చోట మనకి పట్నంవాళ్ళకి లేని బలం కొంత ఉంది. ఇది షెడ్యూల్డ్ ప్రాంతం. 1/70 నిబంధన ప్రకారం గిరిజనేతరుల చేతికి భూమి పోకూడదు. 1997 సమతా తీర్పులో సుప్రీంకోర్టు ప్రభుత్వం కూడా ఆ భూమిని ప్రైవేటు వాళ్ళకి లీజుకివ్వకూడదంది. కనక ఏ కార్పొరేట్ సంస్థో వచ్చి చల్లని గాలి, అరకు కాఫీ అని పట్నం ముసలివాళ్ళ కోసం ఇక్కడ భవనం లేపడం అంత తేలిక కాదు. ఇక్కడ హోమ్ వస్తే ప్రభుత్వానిదో, ఆదివాసుల సహకార సంఘానిదో అవ్వాలి. 1996 పెసా చట్టం సామాజిక రంగాల సంస్థల మీద, ఉద్యోగుల మీద అజమాయిషీని గ్రామసభకి, పంచాయితీకి ఇచ్చింది. ఎంతమందికి ఎంతమంది పనివాళ్ళు, ఎవరినైనా కట్టారా అని గ్రామసభలో ఆడవాళ్ళు లేచి అడగవచ్చు.

నా మనసులో ఉన్నది ఇది. ముందు పగటి కేంద్రం. పొద్దున్న పోడుకీ తోటకీ వెళ్ళే వేళకి తెరిచి, సాయంత్రం మూసేది. అక్కడ చోడి అంబలి, అడ్డాకులు, పొయ్యి, వాళ్ళ భాష మాట్లాడే మనుషులు. దానికి ఆనుకునే ఎనిమిది, పది మంది రాత్రి ఉండే ఇల్లు. ఎవరూ లేనివాళ్ళు శాశ్వతంగా, మిగిలినవాళ్ళు పది రోజులో నెలో, ఇంట్లో ఆడవాళ్ళు నిద్రపోయేందుకు. కొడుకులు కూడా వారానికొక రాత్రి వచ్చి కాపలా ఉండాలన్న షరతు పెట్టమంటాను. నవ్వుకోండి.

అక్కడ పనిచేసేవాళ్ళ జీతం గురించి మాత్రం మొదటి రోజే తేల్చుకోవాలి. 1975లో అంగన్‌వాడీలు మొదలైనప్పుడు అది సేవ అన్నారు, గౌరవ వేతనం అన్నారు. 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి దాకా మన రాష్ట్రంలో అంగన్‌వాడీ అక్కచెల్లెళ్ళు 42 రోజులు సమ్మె చేయాల్సి వచ్చింది, ఎస్మా కూడా ప్రయోగించారు. ఇంకో గౌరవ వేతనం ఉద్యోగానికి మన చేత్తో మనం పునాది వేయకూడదు. హైదరాబాదులో మా అమ్మని చూసిన ఆ అమ్మాయి అదే పని సొంత ఊరి దగ్గర, కనీస వేతనంతో చేయగలగాలి.

ఇంకొక్కటి, వేలిముద్ర. మతి తప్పిన ముసలామె పేరున పట్టా ఉంటే, పింఛను వస్తుంటే, ఆమె బొటనవేలు ఎవరి చేతిలో ఉందో చూడండి. అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చే పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉంటుంది. భర్త పోయాక ఆ కాయితం మీద జరిగే రాతలు ఆమెకి తెలియవు. హోమ్‌లో చేర్చుకునేటప్పుడు భూమి రాయించుకోవడం ఉండకూడదని నిబంధన పెట్టుకోవాలి.

దరఖాస్తు పట్టుకుని ఐటీడీఏకి వెడితే మొదట అడిగేది, మీ మండలంలో ఎంతమంది ఉన్నారని. ఆ లెక్క మన చేతిలో ఉండాలి. సర్వే కాయితంలో "జ్ఞాపకశక్తి లోపం ఉందా" అని రాసుకెళ్ళకండి, లేదనే చెబుతారు. మీ ఇంట్లో రాత్రి ఎవరు మేలుకుంటున్నారు, ఎందుకని అడగండి. పగలు బడికి వెళ్ళని పిల్ల ఉంటే ఆ పిల్లనే పక్కకి పిలిచి అడగండి. ఆశా కార్యకర్తలు వెంట ఉంటే థైరాయిడ్, రక్తపోటు పరీక్షలకి అప్పుడే పేర్లు రాసుకోవచ్చు. నేను తిరిగిన ఊళ్ళ జాబితా ఇక్కడి అక్కలకి ఇచ్చాను. గెడ్డ అవతలి ఊళ్ళకి నేను వెళ్ళలేదు, వానల ముందే అవి చూడాలి.